డెలివరీ పని: బండి ఎక్కేముందు కాగితం చూడండి

సాయంత్రం సైటు బస్సు దిగి క్యాంపు గేటు దగ్గర టీ తాగుతుంటాం. పక్కనుంచి డబ్బా కట్టిన బండి మీద ఓ పిల్లగాడు సర్రున పోతాడు. "వానికి నెలకు మూడు వేల దిర్హాములంట, మన ఫోర్‌మన్ కంటే ఎక్కువ" అంటారు ఎవరో. ఆ రాత్రి రూములో ఇదే ముచ్చట. సోనాపూర్‌లో, అల్ కూజ్‌లో, షార్జా సజ్జాలో, అబుదాబి ముసఫ్ఫాలో ఏ క్యాంపుకు పోయినా ఈ మధ్య మమ్మల్ని ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే: "అన్నా, డెలివరీ వీసా ఎట్లా దొరుకుతది?"

అందుకే ఈసారి పాఠం దీని మీదే. ఇందులో చెప్పే చట్టాలు యూఏఈవి, అంటే దుబాయ్, అబుదాబి, షార్జా వగైరా ఏడు ఎమిరేట్లవి. సౌదీలో, కువైట్‌లో ఉన్నవాళ్లు వీటిని అక్కడికి అన్వయించుకోవద్దు. అక్కడి చట్టాలు వేరు.

మొదట ఒక అపోహ తీసేసుకుందాం. ఫోనులో కనిపించే యాప్ పేరు వేరు, మీకు వీసా ఇచ్చే కంపెనీ పేరు వేరు. బండి డబ్బా మీద, టీషర్టు మీద యాప్ పేరు ఉంటుంది కాబట్టి వీసా కూడా ఆ పెద్ద కంపెనీదే అనుకుంటాం. చాలామంది రైడర్ల వీసా మధ్యలో ఉండే ఒక డెలివరీ సర్వీసు కంపెనీ పేరు మీద ఉంటుంది. యాప్ ఆ కంపెనీకి ఆర్డర్లకు డబ్బు కడుతుంది, ఆ కంపెనీ మీకు జీతం ఇస్తుంది. మీ కఫీల్ ఆ మధ్య కంపెనీయే. జీతం ఆగినా, యాక్సిడెంట్ అయినా, పాస్‌పోర్టు గొడవైనా మీరు ఫిర్యాదు చేయాల్సింది దాని మీదే. కాబట్టి "ఏ యాప్‌కు నడుపుతావు" అని కాదు, "వీసా మీద స్పాన్సర్ పేరు ఏముంది" అని అడగడం అలవాటు చేసుకోండి.

ఇక రెండో మాట. "కంపెనీ వీసా ఇస్తోంది" అని మనవాళ్లు చెప్పేటప్పుడు అదేదో దానం చేస్తున్నట్టు చెబుతారు. దానం కాదది. 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ లేబర్ చట్టం 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. అందులో 6వ ఆర్టికల్ ప్రకారం పనివాడిని తెచ్చుకునే ఖర్చు, పనిలో పెట్టుకునే ఖర్చు యజమానిదే. నేరుగా గానీ, జీతంలోంచి కోసుకుని గానీ, ఇంకో పేరు పెట్టి గానీ పనివాడి దగ్గర వసూలు చేయకూడదు. "వీసాకు ఆరు వేలు అయింది, నెలకు 400 చొప్పున కట్టు" అనే కంపెనీ చట్టం తప్పుతోంది. ఇది ఇంత సూటిగా రాసి ఉన్నా, కోతకు ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టి వచ్చినవాళ్లే మాకు ఎక్కువగా కనిపిస్తున్నారు. తెల్లకాగితం మీద సంతకం పెట్టినవాళ్లూ ఉన్నారు. అది చూస్తే కడుపు మండుతుంది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఇది ఉదాహరణ కోసం మేం వేసిన లెక్క. మీ కంపెనీ అంకెలు పెట్టుకుని మీరూ వేసుకోండి.

ఆర్డరుకు 8 దిర్హాములు. రోజుకు 14 ఆర్డర్లు. నెలకు 26 రోజులు. మొత్తం 2,912. గేటు దగ్గర చెప్పుకునే "మూడు వేలు" ఇదే. ఇప్పుడు కోతలు చూడండి. బండి అద్దె 450. పెట్రోలు 350. వీసా, లైసెన్సు వాయిదా 400. ఈ మూడూ కలిపి 1,200. ఫోను డేటా 100. క్యాంపులో మనకు మంచం ఉచితం, ఇక్కడ బెడ్ స్పేస్ మనమే చూసుకోవాలి. దానికి, తిండికి కలిపి 750 వేసుకుందాం, అదీ పొదుపుగా ఉంటేనే. చేతిలో మిగిలేది 862. ఆ నెల ఒక్క ట్రాఫిక్ ఫైన్ పడిందా, ఇంటికి పంపడానికి ఏమీ ఉండదు.

సైటులో ఉన్న మనవాడికి బేసిక్ వెయ్యి, ఓటీ 250 అనుకుందాం. రూము, బస్సు కంపెనీవే. తిండికి 350 పోతే 900 మిగులుతుంది. అంటే మూడు వేలు అని చెప్పుకునే రైడరు కంటే పన్నెండు వందల యాభై వచ్చే షట్టరింగ్ కార్పెంటర్ దగ్గరే ముప్పై ఎనిమిది దిర్హాములు ఎక్కువ.

అలాగని డెలివరీ పని చెడ్డదని మేం అనడం లేదు. అదే లెక్క ఇంకోలా వేయండి. అవే ఆర్డర్లు, అదే రేటు. కానీ బండి కంపెనీదే, పెట్రోలు కంపెనీదే, వీసా డబ్బులు చట్టప్రకారం కంపెనీయే పెట్టుకుంది, లైసెన్సుకు వాయిదా లేదు. అప్పుడు ఆ 1,200 పోదు. మిగిలేది 2,062. ఒకే రోడ్డు మీద, ఒకే ఎండలో, ఒకే యాప్‌కు నడిపే ఇద్దరి మధ్య నెలకు పన్నెండు వందల తేడా. ఆ తేడా వాళ్ల కష్టంలో లేదు, పనిలో చేరేముందు సంతకం పెట్టిన కాగితంలో ఉంది.

ఆర్డరు రేటు కూడా ఎప్పటికీ ఒక్కటే ఉంటుందని అనుకోవద్దు. 2022 మే నెలలో దుబాయ్‌లో డెలివరూ కంపెనీ ఆర్డరుకు ఇచ్చే 10.25 దిర్హాములను 8.75కు తగ్గిస్తామంటే రైడర్లు బండ్లు ఆపేశారు. కంపెనీ వెనక్కి తగ్గింది. అదే నెలలో తలబాత్ రైడర్లు 7.50 చాలదు, ఇంకో రెండు దిర్హాములు పెంచమని ఆపేశారు. ఆ కథ విని మీరూ ఆ దారి పట్టకండి. ఈ దేశంలో సమ్మెకు చట్టం ఒప్పుకోదు, దేశం దాటించే ప్రమాదం ఉంది. ఇది చెప్పడం ఎందుకంటే, కమీషన్ మీద మాత్రమే బతికే ఉద్యోగంలో రేపటి రేటు మన చేతిలో ఉండదు. అందుకే కాంట్రాక్టులో బేసిక్ జీతం ఎంత రాశారో చూడాలి. గ్రాట్యుటీ లెక్క కట్టేది ఆ బేసిక్ మీదే: ఏడాది పూర్తయ్యాక మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. బేసిక్ 600 రాసి మిగతాదంతా ఇన్సెంటివ్ అంటే, నాలుగేళ్ల తర్వాత వెళ్లిపోయేటప్పుడు చేతికొచ్చేది చూసి ఏడుపొస్తుంది.

మరి ఆ కాగితం ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడి కార్మిక శాఖను మోహ్రే అంటారు. పనిలో పెట్టుకునే ప్రతి కంపెనీ మొదట మోహ్రే నమూనాలో ఆఫర్ లెటర్ ఇవ్వాలి. దాని మీద మీ సంతకం తీసుకున్నాకే వీసా పని మొదలుపెట్టాలి. అరబ్బీ, ఇంగ్లీషుతో పాటు మూడో భాషలో అడిగే హక్కు మీకుంది. హిందీ గానీ ఉర్దూ గానీ అడగండి, మన నిజామాబాద్, కరీంనగర్ వైపు వాళ్లకు ఉర్దూ మాట చెవికి పట్టేదే. తర్వాత చేసే కాంట్రాక్టు ఆ ఆఫర్ లెటర్ కంటే తక్కువగా ఉండకూడదు. ఏజెంటు వాట్సాప్‌లో పంపే రంగురంగుల "సెలెక్షన్ లెటర్" ఆఫర్ లెటర్ కాదు. కంపెనీ స్టాంపు ఉన్నా కాదు. మోహ్రే లెటర్‌కు ఒక నంబరు ఉంటుంది. మోహ్రే యాప్‌లో గానీ, తస్హీల్ సెంటర్‌కు పోయి గానీ దాన్ని సరిచూసుకోవచ్చు.

లెటర్ చదివేటప్పుడు బేసిక్ ఎంత, కమీషన్ ఎట్లా, వారపు సెలవు ఏ రోజు అన్నవి ఎలాగూ చూస్తారు. బండి ఎవరిది, పెట్రోలు ఎవరిది, బండి రిపేరు ఎవరిది, లైసెన్సు ఖర్చు ఎవరిది అన్నవి చాలామంది నోటిమాటగా వదిలేస్తారు. అవి కూడా లెటర్‌లోనో, దానికి జత చేసిన కాగితంలోనో రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోని పీఆర్వో రేపు మాట మీద నిలబడతాడనే ఆశ పెట్టుకోవద్దు.

లైసెన్సు గురించి కాస్త ఆగి చెప్పాలి. మన ఊళ్లో పదేళ్లుగా బండి నడిపినా, ఇక్కడ రెసిడెన్స్ వీసా మీద ఉన్నవాడు ఇండియా లైసెన్సుతో డెలివరీ చేయలేడు. ఇక్కడి మోటార్‌సైకిల్ లైసెన్సు తీసుకోవాలి. డ్రైవింగ్ స్కూల్లో ఫైలు తెరవాలి, కంటి పరీక్ష, క్లాసులు, థియరీ పరీక్ష, ఆ తర్వాత యార్డులో, రోడ్డు మీద పరీక్షలు. ఒక పరీక్ష తప్పితే మళ్లీ క్లాసులు, మళ్లీ ఫీజు. మొత్తం వేల దిర్హాములకు పోతుంది. ఆ నెలల్లో ఆర్డర్లు ఉండవు, అంటే కమీషన్ ఉండదు. ఆ ఖాళీ కాలంలో బేసిక్ ఇస్తారా లేదా, ఫెయిలైతే ఖర్చు ఎవరిది అని ముందే అడగాలి. కంపెనీ లైసెన్సు డబ్బును అప్పుగా ఇస్తే, ఆ అప్పును జీతంలో కోసుకోవడానికి మీ రాతపూర్వక ఒప్పుదల ఉండాలి, వడ్డీ వేయకూడదు. ఆ కాగితం కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

కోతల మీద చట్టం పెట్టిన హద్దులు కూడా తెలుసుకోండి. కంపెనీ రూల్స్ తప్పినందుకు వేసే జరిమానా జీతంలో 5 శాతం దాటకూడదు. బండికో, సామానుకో మీ తప్పు వల్ల నష్టం జరిగిందని కోయాలంటే మీ రాతపూర్వక ఒప్పుదల కావాలి. ఎన్ని కారణాలు కలిపినా కోత మొత్తం జీతంలో సగం దాటకూడదు. నెలాఖరున "నీకే మేం ఇవ్వాల్సింది లేదు, నువ్వే మాకు 200 బాకీ" అని లెక్క చూపించారంటే, ఆ లెక్క చట్టంలోది కాదు.

ఇప్పటికే ఇక్కడ సైటులో పనిచేస్తున్నవాళ్లు ఎట్లా మారాలి? ఇక్కడే చాలామంది జారిపడుతున్నారు. మెట్‌పల్లి వైపు తమ్ముడొకడు స్టీల్ ఫిక్సర్‌గా పనిచేస్తూ, సాయంత్రం ఆరు తర్వాత స్నేహితుడి ఐడీ మీద బండి నడిపాడు. నాలుగు నెలలు బాగానే సాగింది. ఒక రాత్రి రౌండబౌట్ దగ్గర కారు తగిలి కాలు విరిగింది. ఆ ఐడీ అతనిది కాదు, ఆ పని అతని వీసాలో లేదు. సైటు కంపెనీ "మా పనిలో తగిలిన దెబ్బ కాదు" అంది. డెలివరీ కంపెనీ "ఇతను మా మనిషే కాదు" అంది. నిజానికి రెండూ అబద్ధం కాదు, అదే బాధ. ఐడీ ఇచ్చిన స్నేహితుడు కూడా చిక్కుల్లో పడ్డాడు.

సరైన దారి ఉంది. మీ ప్రొబేషన్ ఆరు నెలల కంటే ఎక్కువ ఉండకూడదు. ప్రొబేషన్‌లో ఉండగా ఈ దేశంలోనే ఇంకో కంపెనీకి మారాలంటే నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. పాత కంపెనీకి మిమ్మల్ని తెచ్చుకున్న ఖర్చు తిరిగి ఇవ్వాల్సి వస్తే అది కొత్త కంపెనీ ఇస్తుంది, మీరు కాదు. ప్రొబేషన్ అయిపోయాక కాంట్రాక్టులో రాసినంత నోటీసు ఇచ్చి రాజీనామా చేయొచ్చు, అది 30 రోజులకు తగ్గదు, 90 రోజులు దాటదు. ముందు కొత్త కంపెనీ ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకోండి, తర్వాతే రాజీనామా. చెప్పకుండా క్యాంపు వదిలేస్తే పరారీ కేసు పెడతారు, ఆ తర్వాత ఖల్లివెల్లి బతుకు ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఉన్న పని ఉంచుకునే అదనంగా చేయాలనుకుంటే, మోహ్రే ఇచ్చే పార్ట్‌టైమ్ వర్క్ పర్మిట్ ఉంది. దాన్ని కొత్త కంపెనీ తీసుకోవాలి. ఎవరో ఐడీ అద్దెకు ఇస్తే అది పార్ట్‌టైమ్ కాదు.

ఇళ్లలో డ్రైవర్లుగా ఉన్నవాళ్లకు ఒక మాట. మీ వీసా ఇంటి యజమాని పేరు మీద ఉంటుంది, మీకు వర్తించేది 2022 నాటి 9వ నంబరు ఇంటిపనివాళ్ల చట్టం. అర్బాబ్ మంచివాడై "ఖాళీగా ఉన్నప్పుడు డెలివరీ చేసుకో" అన్నా, ఆయన నోటిమాట పర్మిట్ కాదు.

దెబ్బ తగిలితే ఏమిటన్నది రైడర్లు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి. పనిలో ఉండగా యాక్సిడెంట్ అయితే వైద్యం ఖర్చు యజమానిదే. కోలుకునే వరకు ఆరు నెలల దాకా పూర్తి జీతం, ఆ తర్వాత ఇంకో ఆరు నెలల దాకా సగం జీతం ఇవ్వాలి. ప్రాణం పోతే కుటుంబానికి 24 నెలల బేసిక్ జీతం, అది 18,000 దిర్హాములకు తగ్గకుండా, 2 లక్షల దిర్హాములు దాటకుండా. ఇక్కడ కూడా బేసిక్ అనే మాట చూడండి. పోలీసు రిపోర్టు లేకుండా ఇవేవీ కదలవు. చిన్న దెబ్బే కదా, ఆర్డరు ఆలస్యమవుతుందని లేచి బండి ఎక్కి వెళ్లిపోవద్దు. పోలీసు వచ్చేదాకా అక్కడే ఉండండి, రిపోర్టు ఫోటో తీసి ఇంటికి పంపండి.

ఎండాకాలంలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా ఎండలో పని ఆపాలనే రూలు సైటులో మనకు తెలిసిందే. డెలివరీలో ఆ రెండున్నర గంటలే ఆర్డర్లు ముమ్మరంగా వచ్చే వేళ. రైడర్ల కోసం ఏసీ విశ్రాంతి గదులు పెట్టారు, ఎక్కడున్నాయో తెలుసుకుని వాడుకోండి. సైటులో సైరన్ కొట్టి ఆపేవాడు ఉంటాడు, బండి మీద మిమ్మల్ని ఆపేవాడు ఉండడు. పని మార్చుకునే ముందు ఈ తేడా కూడా లెక్కలో వేసుకోండి.

ఇక ఊరి నుంచి కొత్తగా రావాలనుకునేవాళ్ల సంగతి. ఇది ఇళ్లలో పనిచేసే అక్కలు, చెల్లెళ్లు తప్పకుండా చదవాలి. కొడుకు కోసమో, తమ్ముడి కోసమో ఏజెంటుకు డబ్బు కట్టేది ఎక్కువగా మీరే. ఇండియా ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే 35,400. అంతకు మించి ఒక్క రూపాయి అడిగినా తప్పే. రసీదు ఇవ్వాలి. ఏజెంటు లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్ సైటులో ఉందో లేదో చూడండి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ ప్రభుత్వ సంస్థలు, అక్కడా అడగొచ్చు.

పదో తరగతి పాస్ కాని మనవాళ్లలో చాలామందికి ఈసీఆర్ పాస్‌పోర్టు ఉంటుంది. అటువంటివాళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకుని ఉద్యోగ వీసా మీదే రావాలి. దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది: రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. "విజిట్ మీద వచ్చేయ్, ఇక్కడ మారుద్దాం" అనే ఏజెంటు ఈ రెండూ దాటేస్తున్నాడు. విజిట్ వీసా మీద పని చేయించుకునే యజమానికి 2024లో వచ్చిన సవరణ ప్రకారం లక్ష నుంచి 10 లక్షల దిర్హాముల జరిమానా. అంత జరిమానా భయం ఉన్న కంపెనీ, తనిఖీ వచ్చినప్పుడు మిమ్మల్ని మా మనిషి అని ఒప్పుకుంటుందా?

ఫిర్యాదుకు దారులు ఇవి. మోహ్రే 600590000. కార్మికుల సలహాలు, ఫిర్యాదులకు 80084. దుబాయ్‌లోని భారత ప్రవాసీ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ 80046342, ఆఫర్ లెటర్ నిజమా అన్న అనుమానం ఉన్నా అక్కడ అడగండి. 50,000 దిర్హాములకు మించని జీతం తగాదాలను ఇప్పుడు మోహ్రే తానే తేల్చగలదు. పని వదిలేశాక కూడా రెండేళ్ల లోపు కేసు వేయొచ్చు. మీ పాస్‌పోర్టును కంపెనీ పట్టుకోవడం నేరం, ఆ సంగతి కూడా అదే నంబరులో చెప్పొచ్చు.

చివరగా ఒక అక్క సంగతి. తణుకు దగ్గరి ఊరు ఆమెది, షార్జాలో ఒక ఇంట్లో పదకొండేళ్లుగా వంట చేస్తోంది. కొడుక్కి డెలివరీ వీసా అని లక్షా ఎనభై వేలకు ఏజెంటుతో మాట్లాడుకుని, నలభై వేలు ముందే పంపింది. మిగతాది పంపేముందు, శుక్రవారం సెలవు రోజున వాట్సాప్‌లో వచ్చిన వీసా కాగితం మాకు చూపించింది. అది 60 రోజుల విజిట్ వీసా. ఉద్యోగం పేరు లేదు, స్పాన్సర్ స్థానంలో ఏదో ట్రావెల్ ఆఫీసు పేరుంది. మా ముందే ఏజెంటుకు ఫోను చేసి మోహ్రే ఆఫర్ లెటర్ పంపమంది. "అదంతా పిల్లాడు వచ్చాక ఇస్తారమ్మా" అన్నాడు. "అయితే అది వచ్చాకే డబ్బు పంపుతా బాబూ" అని పెట్టేసింది. ఆ నలభై వేల కోసం ఊళ్లో పోలీసు ఫిర్యాదు ఇచ్చారు, ఇంకా తేలలేదు. కొడుకు అక్కడే ఒక మందుల షాపులో పనిచేస్తూ, ఈలోగా పదో తరగతి ఓపెన్ స్కూల్లో కట్టాడు.